సమాధుల తోటలో మొదలైన పండుగ

ఈస్టర్ వస్తోందంటే మన ఊళ్లలో చాలా సంఘాలవారు సమాధుల తోట బాగుచేసుకుంటారు. గడ్డి చెక్కి, సమాధులకు సున్నం వేసి, పూలు సిద్ధం చేసుకుంటాం. ఆదివారం ఇంకా చీకటి ఉండగానే కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతాం. క్రిస్మస్ నాటి నక్షత్రాలూ కేకుల సందడీ ఈ పండుగకు అంతగా ఉండవు. అయినా మన విశ్వాసమంతా నిలబడింది దీని మీదే. క్రీస్తు లేవకపోతే మన విశ్వాసం వట్టిదేనని పౌలు కొరింథు సంఘానికి దాపరికం లేకుండా రాశాడు.

అయితే ఆ మొదటి ఆదివారం ఉదయం పండుగ చేసుకోవడానికి ఎవరూ బయలుదేరలేదు. మగ్దలేనే మరియ, మరికొందరు స్త్రీలు సుగంధ ద్రవ్యాలు పట్టుకుని వెళ్లింది మృతదేహానికి పూయడానికే. విశ్రాంతి దినం ముంచుకొస్తుండగా శుక్రవారం సాయంత్రం ఆదరాబాదరాగా జరిగిన భూస్థాపన అది. మిగిలిపోయిన ఆఖరి మర్యాద తీర్చాలనుకున్నారు. ద్వారం దగ్గరి రాయిని ఎవరు దొర్లిస్తారన్న బెంగతోనే నడిచారని మార్కు రాశాడు. జవాబు తెలియకపోయినా వెనుదిరగలేదు. వెళ్లేసరికి రాయి దొర్లించి ఉంది.

వాళ్లు తెచ్చిన వార్తను అపొస్తలులే నమ్మలేదు, వెర్రిమాటలనుకున్నారు. ఆ రోజుల్లో స్త్రీల సాక్ష్యానికి విలువ తక్కువ. దాన్ని అంగీకరించకూడదనే యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. కథ అల్లేవారైతే పేతురునో యోహానునో ముందు నిలబెట్టేవారు కదా! నాలుగు సువార్తల్లోనూ ఖాళీ సమాధి దగ్గరకు ముందు వెళ్లింది స్త్రీలే.

మన మనసు నిలిచిపోయేది మరియ దగ్గర. ఆమె సమాధి బయట ఏడుస్తూ ఉంది. ప్రభువు ఎదుట నిలిచినా తోటమాలి అనుకుంది. ఎందుకు ఏడుస్తున్నావని ఆయన అడిగాడే గాని, ఆ కన్నీళ్లను అవిశ్వాసమని గద్దించలేదు. పేరు పెట్టి పిలిచాడు. అప్పుడు గుర్తుపట్టింది.

మనమేమో భర్తను పోగొట్టుకున్న సహోదరి ఇంటికి వెళ్లి, "ఏడవకూడదమ్మా, ఆయన ప్రభువు దగ్గరున్నాడు" అని ఒక మాట చెప్పి, ప్రార్థన చేసి వచ్చేస్తాం. ఆ మాట అబద్ధం కాదు. చెప్పడంలోనే తొందర ఎక్కువ. క్రీస్తు లేచాడు గనుక ఆయనయందు నిద్రించినవారూ లేస్తారని మన నిరీక్షణ. ఆ నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దని పౌలు థెస్సలొనీకయులకు రాశాడు. అసలు దుఃఖమే వద్దని రాయలేదు.

2020 ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టర్‌కు లాక్‌డౌన్ వల్ల మందిరాల తలుపులు మూసే ఉన్నాయి. సమాధుల తోటకు వెళ్లలేక ఇంట్లో ఫోన్ ముందు కూర్చుని ఆరాధించుకున్నాం. 2021 వేసవిలో, కోవిడ్ రెండో విడతలో, ఎందరో తమవాళ్ల ముఖం ఆఖరిసారి చూసుకోకుండానే సాగనంపారు. నలుగురు కూడి పాట పాడింది కూడా లేదు. ఆ కుటుంబాలు ఇప్పటికీ ప్రతి ఆదివారం మన పక్కనే కూర్చుంటున్నాయి. ఆదరాబాదరా భూస్థాపన, తీరని మర్యాద... ఆ స్త్రీల బాధ ఏమిటో వాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఈసారి సమాధుల తోటలో మనవాళ్లకు కొవ్వొత్తి వెలిగించి ఇంటిదారి పట్టకుండా, వాళ్ల పక్కన కాసేపు నిలబడదాం. అక్కడ నిద్రిస్తున్నవారి పేరు అడుగుదాం. వాళ్లు చెప్పినంతసేపూ విందాం.