కనిపించని క్షణం

విజయవాడ వంతెనపై రైలు సాగుతున్నప్పుడు కిటికీ దగ్గర కూర్చున్న బాలునికి కృష్ణానది ముక్కలు ముక్కలుగానే కనిపిస్తుంది. ఉక్కుదూలం ఒకటి అడ్డువస్తుంది, సందులో నీరు మెరుస్తుంది, మరల దూలం. అయినప్పటికీ వంతెన దాటిన తరువాత అతడు నదిని చూచాననే చెబుతాడు. చూచినదానినిబట్టి చూడనిదానిని పూరించుకొనడం మనస్సునకు సహజగుణం. ఈ గుణమే లేకపోతే సినిమా లేదు. టాకీ తెరపై నిజంగా ఉన్నవి సెకనుకు 24 నిశ్చల చిత్రాలు మాత్రమే.

ఇట్టి పూరణమే వైద్యశాస్త్రంలో ఒక చిన్న గుళికకు ఉపకరించగలదా అన్నది నేటి ప్రశ్న. చిన్నప్రేవు పొడవు ఇంచుమించు 20 అడుగులు. నోటినుండి గాని, క్రిందినుండి గాని పంపే గొట్టాలు దాని నడిమిభాగాన్ని చేరడం కష్టం. గావ్రియేల్ ఇద్దాన్ అనే ఇజ్రాయేలు ఇంజనీరు ఈ చిక్కును 1981లో ఒక వైద్యునితో జరిగిన సంభాషణలో విన్నాడు. కెమేరానే మింగిస్తే ఏమన్న ఆలోచన ఫలించడానికి ఇరవై సంవత్సరాలు పట్టింది. 2000లో 'నేచర్' పత్రిక ఆ వార్తను ప్రకటించింది; 2001లో అమెరికాలో దాని వాడకానికి అనుమతి లభించింది. ఆ గుళిక పొడవు 26 మిల్లీమీటర్లు, వెడల్పు 11, బరువు నాలుగు గ్రాములకు లోపు. సెకనుకు రెండేసి చిత్రాలు తీసి, రోగి నడుమునకు కట్టిన పెట్టెకు రేడియో అలల ద్వారా పంపేది. ఎనిమిది గంటలకు ఎన్ని చిత్రాలో విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును: 57,600.

ఇంతటి పనికీ ఆధారం బొత్తాములవంటి చిన్న బ్యాటరీలు. ప్రతి చిత్రానికీ దీపం వెలగాలి, కెమేరా చూడాలి, రేడియో పంపాలి. కృష్ణా డెల్టా రైతునకు ఇట్టి కొరత కొత్తది కాదు. 1855 నాటి ఆనకట్ట క్రిందనైనా, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి క్రిందనైనా, నీరు చాలని ఏడు కాలువలకు వంతులు తప్పవు. గుళికకు కూడ వంతు పెట్టవచ్చును. ఒక చిత్రాన్ని పంపి, తరువాతి దానిని విడిచి, మూడవదానిని పంపితే శక్తి మిగులుతుంది. విడిచిన చిత్రాన్ని బయటి యంత్రం గణితంతో కల్పిస్తుంది. అది రెండు చిత్రాలను చిన్న గళ్ళుగా విభజించి, ఏ గడి ఎటు జరిగినదో వెదుకుతుంది. ఒక గడి పది చుక్కల దూరం జరిగి ఉంటే, నడిమి చిత్రంలో దానిని ఐదు చుక్కల దూరంలో ఉంచుతుంది. ఈ శ్రమ అంతా కడుపు వెలుపలనే జరుగుతుంది గనుక గుళికకు భారం లేదు.

అయితే భయం కూడ ఇక్కడనే ఉన్నది. రైలులోని బాలునికి దూలం చాటున ఒక చేపల పడవ సాగిపోయినదనుకొందాం. అతని మనస్సు ఆ చోటును నీటితోనే నింపుతుంది. దానివల్ల అతనికి నష్టం లేదు. కాని నెలల తరబడి లోలోపల రక్తం పోతూ, కారణం తెలియక పాలిపోతున్న ఒక వ్యవసాయ కూలీ సంగతి ఏమి? రక్తం ఊరే ఆ చిన్న పుండు విడిచిన క్షణంలోనే కెమేరా ఎదుటికి వచ్చి ఉంటే, గణితం అక్కడ శుభ్రమైన ప్రేవుగోడను చిత్రిస్తుంది. వైద్యుడు దానిని నమ్మితే రోగి జబ్బు దాగినట్లే.

కావుననే కదలికనుబట్టి చిత్రాల సంఖ్యను మార్చే గుళికలు వచ్చినవి. చిన్నప్రేవు కొరకు చేసిన ఒక గుళిక సెకనుకు రెండునుండి ఆరువరకు, పెద్దప్రేవు కొరకు చేసినది నాలుగునుండి ముప్పదియైదువరకు చిత్రాలు తీస్తుంది. గుళిక నిలిచి ఉన్నప్పుడు ఇరుగుపొరుగు చిత్రాలు ఒకే తీరున ఉంటవి గనుక పొదుపువలన అపాయం తక్కువ. పరుగెత్తుతున్నప్పుడు పొదుపు తగదు. కల్పించిన చిత్రం కంటికి నడకను సాఫీ చేయవచ్చును గాని, రోగనిర్ణయానికి సాక్ష్యం కారాదు. దానికి వేరే గుర్తు ఉండవలెను.

ప్రయోగశాలలో ఉపాధ్యాయుడు గ్రాఫు గీయించేటప్పుడు చెప్పే మాట కూడ ఇదియే. చుక్కలు కొలిచినవి, వాటిని కలిపే గీత ఊహించినది. గీత వలన ఎంత సౌకర్యం కలిగినా, చుక్కలను చెరిపివేయరాదు.