ప్రోస్టేట్ శస్త్రచికిత్స తరువాత దాంపత్య సుఖం

ఆరు మాసాల క్రితం విశ్రాంత ఉపాధ్యాయులొకరు నా వద్దకు వచ్చారు. వయస్సు 63 సంవత్సరాలు. క్యాన్సర్ కారణంగా ప్రోస్టేట్ గ్రంథిని పూర్తిగా తొలగించి అప్పటికి ఎనిమిది నెలలైంది. "ప్రాణం దక్కింది, అదే చాలునని అందరూ అంటున్నారు. కానీ ఆపరేషన్ అయిన నాటి నుండి వరండాలోనే పడుకుంటున్నాను డాక్టరుగారూ" అని తల వంచుకున్నారు. తరువాత సంచిలో నుండి ఒక 'శక్తి చూర్ణం' డబ్బా తీసి, దానిని వాడవచ్చునా అని అడిగారు. ఇటువంటి సందేహంతో బాధపడేవారు ఎందరో ఉన్నారు గనుక ఆయనకు చెప్పినదే ఇక్కడ వివరిస్తున్నాను.

లోపం ఎక్కడ?

అంగస్తంభనను కలిగించే సన్నని నాడులు ప్రోస్టేట్ గ్రంథికి ఇరువైపులా దానిని ఆనుకొని పోతుంటాయి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 1982లో డాక్టర్ పాట్రిక్ వాల్ష్ ఈ నాడులను కాపాడుతూ గ్రంథిని తొలగించే పద్ధతిని ప్రారంభించారు. అయితే క్యాన్సర్ నాడుల వరకూ వ్యాపిస్తే వాటిని కూడా తీసివేయక తప్పదు. కాపాడిన నాడులు సైతం శస్త్రచికిత్సలో సాగి, నలిగి, కొంతకాలం నిద్రాణంగా ఉంటాయి. అవి కోలుకోవడానికి సాధారణంగా ఆరు మాసాల నుండి రెండు సంవత్సరాలు పడుతుంది.

వృషణాలు యథాతథంగా ఉంటాయి కాబట్టి ఈ శస్త్రచికిత్స వలన కోరిక నశించదు. వీర్యాన్ని తయారుచేసే గ్రంథులు లేనందున స్ఖలనం ఉండదు, కానీ సుఖానుభూతి కలుగుతుంది. ఆ సమయంలో కొందరికి కొద్దిగా మూత్రం జారవచ్చు. ముందుగా మూత్ర విసర్జన చేయడం మంచిది.

చూర్ణాల విషయంలో జాగ్రత్త

వాజీకరణం ఆయుర్వేదంలోని అష్టాంగాలలో ఒకటి. అశ్వగంధ, దూలగొండి, పల్లేరు మన వైద్యంలో ప్రసిద్ధమైనవే. కానీ ప్రోస్టేట్ క్యాన్సర్ పురుష హార్మోనుపై ఆధారపడి పెరుగుతుంది. ఆ హార్మోనును పెంచగల మూలికలను క్యాన్సర్ వైద్యుని అనుమతి లేకుండా ఈ రోగులు వాడరాదు. పైగా, సిల్డెనాఫిల్ వంటి ఆధునిక మందును రహస్యంగా కలిపిన చూర్ణాలు పట్టుబడిన సందర్భాలు అనేకం. మా ఉపాధ్యాయులుగారు గుండెనొప్పి వస్తే నాలుక కింద నైట్రేట్ మాత్ర ఉంచుకుంటారు. ఆ రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణానికే ముప్పు. ఆ డబ్బాను నేను ఆయనకు తిరిగి ఇవ్వలేదు.

చేయదగినవి

మూత్రాన్ని ఆపుకొనేటప్పుడు బిగించే కండరాలను గుర్తించండి. వాటిని ఐదు సెకన్లు బిగించి, ఐదు సెకన్లు వదలాలి. ఇలా పదిసార్లు చొప్పున రోజుకు మూడు పూటలా చేయాలి. యోగంలోని అశ్వినీ ముద్ర, మూలబంధం ఈ కోవకు చెందినవే. మూత్రపు గొట్టం తీసిన తరువాతనే దీనిని ప్రారంభించాలి. ఇందువలన మూత్రం జారడం తగ్గుతుంది, కటి కండరాలు బలపడతాయి.

ప్రతిదినం అరగంట నడక, మితాహారం, మధుమేహం అదుపు, పొగాకును పూర్తిగా మానడం రక్తనాళాలను కాపాడతాయి.

శస్త్రచికిత్స చేసిన వైద్యుని సిగ్గుపడకుండా సంప్రదించండి. మాత్రలు, శూన్య పీడనంతో రక్తాన్ని రప్పించే పంపు, అంగంలోకి ఇచ్చే ఇంజెక్షన్, చివరకు అమర్చే కృత్రిమ సాధనం ఉన్నాయి. మాత్రలు పనిచేయాలంటే నాడులు కొంతైనా మిగిలి ఉండాలి. నైట్రేట్ వాడేవారికి అవి నిషిద్ధం. పంపు, ఇంజెక్షన్ నాడులు పోయినవారికి కూడా ఉపయోగపడతాయి.

అసలైన ఔషధం

వాజీకరణాలన్నిటిలో మనసుకు నచ్చిన స్త్రీయే శ్రేష్ఠమని చరకుడు చెప్పాడు. రెండవసారి భార్యను వెంట తీసుకురమ్మన్నాను. "నా మీద మనసు విరిగిందనుకున్నానండీ" అన్నదామె. ఆయన ఆశ్చర్యపోయారు. ఎనిమిది నెలలు ఇద్దరూ ఒకరినొకరు తప్పుగా అర్థం చేసుకున్నారు!

ఇప్పుడు ఆయన వైద్యుని సలహాపై పంపు వాడుతున్నారు. స్తంభన స్వయంగా ఇంకా పూర్తిగా రాలేదు, గడువు కూడా ఉంది. అయితే వరండాలోని మంచం మాత్రం లోపలికి వెళ్ళింది. స్పర్శకు, మాటకు నాడులు కోలుకునే వరకు ఆగనవసరం లేదు.