కేసీ కాలువ: 39.9 టీఎంసీల హక్కు, 1.2 టీఎంసీల నిల్వ

కర్నూలుకు ఎగువన తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా పారే కర్నూలు–కడప కాలువ పొడవు 306 కిలోమీటర్లు. దాని కింద ఆయకట్టు 2,65,628 ఎకరాలు. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల రైతులకు అది కేసీ కాలువ. విక్టోరియా రాణి కాలంలో సాగునీటితో పాటు పడవల రాకపోకల కోసమూ తవ్వారు. ఆ పడవలు ఏనాడో ఆగిపోయాయి. కాలువ చేతులు మారింది, శిథిలమైంది, జపాన్ అప్పుతో మళ్లీ బాగుపడింది. ఇంత జరిగినా నీళ్లు ఎక్కడ నిల్వ పెట్టాలన్నది మాత్రం తేలలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ఆలోచన పెద్దది. తుంగభద్రను పెన్నాతో కలిపి, పెన్నా లోయ గుండా నెల్లూరు తీరం దాకా పడవలు నడపాలన్నాడు. ఆ పని చేపట్టడానికి 1858లో లండన్‌లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. మూలధనం 10 లక్షల పౌన్లు. దాని మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వమే హామీ. అంటే పొలం తడిసినా తడవకపోయినా వాటాదారులకు ఏటా 50,000 పౌన్లు ముట్టాల్సిందే. కట్టింది మన శిస్తు సొమ్ములోంచే. ఆ హామీయే ఈ పథకానికి మొదటి చెరుపు అని నా అభిప్రాయం. లాభనష్టాల భయం లేనివాడికి రైతును అడిగే అవసరం ఏముంటుంది?

1863లో తవ్వకం మొదలై 1870 నాటికి ముగిసింది. మధ్యలోనే డబ్బు చాలక 1866లో ప్రభుత్వం మరో 6 లక్షల పౌన్లు అప్పిచ్చింది. కాటన్ గీసిన పెద్ద పటంలో పూర్తయింది ఈ ఒక్క ముక్కే. అది సముద్రానికి చేరలేదు. సరిగ్గా అప్పుడే, 1871లో, మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలు వచ్చేసింది. ఇక సరుకు పడవెక్కేదెందుకు? సేద్యం సంగతీ అంతే. కాలువ వెంట చాలాచోట్ల నల్లరేగడి. వాన సరిగ్గా పడితే జొన్న, పత్తి ఆ నేలలో నీరు పెట్టకుండానే పండుతాయి. అలాంటప్పుడు నీటి తీరువా కట్టడానికి రైతు ముందుకు రాలేదు. కరువొచ్చిన ఏడు మాత్రం కాలువ విలువ తెలిసేది. చివరికి 1882లో ప్రభుత్వం 3.02 కోట్ల రూపాయలకు కాలువను కొనేసింది. 1933లో పడవలకు సెలవిచ్చింది.

తర్వాత వరి పెరిగింది, ఆయకట్టు పెరిగింది, గట్లు మాత్రం పాతబడ్డాయి. 1996లో జపాన్ నుంచి దాదాపు 1,600 కోట్ల యెన్ల రుణం తీసుకుని ఆధునికీకరణ చేపట్టారు. పాత సుంకేసుల ఆనకట్ట స్థానంలో గేట్లున్న బ్యారేజీ లేచింది. దానికి మాజీ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు పెట్టారు. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగినప్పుడు ఆ బ్యారేజీ కట్ట తెగింది. మళ్లీ కట్టారు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రైబ్యునల్ కేసీకి కేటాయించింది 39.9 టీఎంసీలు. ఎకరాలకు పంచి చూస్తే ఒక్కో ఎకరం మీద సుమారు మూడున్నర అడుగుల నీరు. దారిలో ఇంకిపోయేది తీసేసినా తక్కువేం కాదు. కానీ ఇందులో 29.9 టీఎంసీలు నది పారినప్పుడు పట్టుకోవాల్సినవి. మిగిలిన 10 తుంగభద్ర డ్యాం నుంచి రావాలి. సుంకేసుల బ్యారేజీలో పట్టేది 1.2 టీఎంసీలే. 3,000 క్యూసెక్కుల చొప్పున వదిలితే అది ఐదు రోజులు కూడా రాదు. జూలైలో వరద ఉధృతంగా వెళ్లిపోతుంది, జనవరిలో నారు ఎండుతుంది.

డ్యాం మీద ఆశ పెట్టుకుందామంటే అక్కడా పూడికే. 1953లో 133 టీఎంసీలున్న తుంగభద్ర నిల్వ 105.79కి దిగింది. అందరి వాటాలూ ఆ మేరకు తగ్గాయి. పైగా కేసీకి రావాల్సిన ఆ 10 టీఎంసీలను 2005లో అనంతపురం తాగునీటి అవసరాల కోసం పెన్నా అహోబిలం జలాశయానికి (పీఏబీఆర్) మళ్లించారు. బదులుగా శ్రీశైలం నీళ్లు ఇవ్వాలన్నారు. అనంతపురం దాహం తీరాల్సిందే, దాన్ని తప్పుపట్టలేం. అయితే శ్రీశైలం నీళ్లు బనకచర్ల దగ్గరా, 2017లో మొదలైన ముచ్చుమర్రి ఎత్తిపోతల దగ్గరా కాలువలో కలుస్తాయి. రెండూ కర్నూలు నగరానికి దిగువనే. పైభాగపు ఆయకట్టుకు ఆ నీరు ఎదురెక్కదు.

అందుకే సుంకేసులకు ఎగువన గుండ్రేవుల దగ్గర 20 టీఎంసీల జలాశయం కావాలని రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు. 2019లో ఉత్తర్వులు వచ్చాయి. అయితే నది అవతలి గట్టు తెలంగాణది, పైన కర్ణాటక ఉంది. వారిని ఒప్పించడం కష్టమైన పనే, కానీ తప్పని పని. సిమెంటు లైనింగుకు ఎంత ఖర్చుపెట్టినా, తలాపున నీరు లేని కాలువ చివరి మడికి తడి ఇవ్వలేదు. గుండ్రేవుల మీద మూడు రాష్ట్రాలు ఒకచోట కూర్చోవాలి, అదీ వచ్చే వరద కంటే ముందే.