బరువు లాగు బండికి ఏ గేరు మేలు?

పంట పండించుట యొక యెత్తు. పండినదానిని అంగడికి చేర్చుట యొక యెత్తు. ఈ సంగతి రఘునాథపల్లి రైతులకు వేఱుగ జెప్ప నక్కఱలేదు. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి, 2016 అక్టోబరులో జనగామ జిల్లాలో జేరిన ఈ మండలమునుండి వడ్లును, ప్రత్తియు జనగామ మార్కెటు యార్డునకో, వరంగల్లు ఎనుమాముల మార్కెటునకో పోవలయును. మొదట పొలము గట్టు, పిమ్మట మట్టిబాట, ఆపైన హైదరాబాదు–వరంగల్లు జాతీయ రహదారి. ఈ మూడు తెఱగుల దారులను ఒక్క బండియే బరువుతో దాటవలసియున్నది.

కావున సభ్యులు పలువురు కలసి బరువు లాగు బండిని కొనదలచినపుడు, చేతితో మార్చు మాన్యువలు గేరు మంచిదా, తనంతట మారు ఆటోమేటిక్ గేరు మంచిదా యను ప్రశ్న పుట్టుట సహజము. ధర యొక్కటియే చూచియు, నడుపుట సుఖమను మాట యొక్కటియే వినియు దీనిని తేల్చరాదు. బరువు ఎక్కడ కదలును, ఎక్కడ దిగును, చెడిన నెవరు బాగుచేయుదురు అను మూడు సంగతులను విచారించి తేల్చవలయును.

అసలు గేరు ఏల? ఎడ్లు నిండుబండిని మొదట కదల్చునపుడు మెడలు వంచి కాలూని లాగును. చక్రము తిరిగిన పిదప తేలికగా నడచును. నిలిచిన బరువును కదల్చుటకే ఎక్కువ బలము కావలయును. ఇంజనుకు మెల్లగా తిరుగునపుడు బలము చాలదు. చిన్న గేరు వేగమును తగ్గించి ఆ బలమును పెంచును. నలువది కిలోల వడ్ల బస్తాలు నూఱు వేసిన, నలువది క్వింటాళ్లగును. ట్రాలీ బరువు దానికి వేఱు. ఇంత బరువును పెద్ద గేరులో కదల్పజూచుట, కాడి మోపని లేగలచే బండి లాగించుట వంటిది.

మాన్యువలు బండిలో ఇంజనుకును గేరుపెట్టెకును నడుమ క్లచ్చి పలక యుండును. పాదము సగము నొక్కి బండిని కదల్చునపుడు ఆ పలక జారుచు రాపిడిచే వేడెక్కును. ఒకటి రెండు క్షణములైన హాని లేదు. ఎత్తున నిలిచి, బ్రేకు వేయక, సగము క్లచ్చితోనే బండిని పట్టి యుంచినచో పలక మాడి వాసన వచ్చును. ట్రాక్టరుకు క్లచ్చి పలక మార్చవలెనన్న బండిని నడుమకు రెండుగా విడదీయవలయును. యాసంగి కోతలప్పుడు, ఆకాశమున మబ్బు పట్టియుండగా, బండి షెడ్డులో విడివడి యున్నచో కల్లములోని వడ్లు తడియును. పలక వెలకంటె ఆ నష్టము పెద్దది.

ఆటోమేటిక్ బండిలో ఈ పలకకు బదులు నూనెతో పనిచేయు టార్క్ కన్వర్టరు ఉండును. జర్మనీ దేశపు ఇంజనీరు హెర్మన్ ఫొట్టింగరు 1905లో ఓడల కొఱకై కనిపెట్టిన యుక్తి యిది. ఇంజను త్రిప్పు రెక్కలు నూనెను విసరగా, ఆ నూనె తాకిడికి ఎదుటి రెక్కలు తిరిగి చక్రములకు బలము చేరును. కదలునపుడు బలమును పెంచు గుణము కూడ దీనికి గలదు. కావున నిండుబరువుతో ఎత్తున కదలుటకును, ట్రాలీని తగిలించుటకై జానెడు జానెడుగా వెనుకకు జరుపుటకును ఇది మిక్కిలి అనుకూలము. నడపువారు మాటిమాటికి మారిన పలక మాడునను భయము లేదు. అయితే వేడి పోలేదు. పలకనుండి నూనెలోనికి మాఱినది. ఎండలో బరువు లాగుచు నెమ్మదిగా బోయిన నూనె మితిమీఱి కాగి గుణము చెడును. నూనెను చల్లార్చు ప్రత్యేకపు కూలరు లేని ఆటోమేటిక్ బండిని బరువు లాగుటకై కొనరాదు.

పేరు చూచి మోసపోరాదు. ఏఎంటి యను మూడవ విధము గలదు. మన దేశమున 2014లో మారుతి సెలెరియో కారుతో ఇది చిన్నబండ్లకు వచ్చినది. ఇందులో క్లచ్చి పలకయు, గేరులును మాన్యువలు బండివే. త్రొక్కుటయు, మార్చుటయు మాత్రము యంత్రము చేయును. ఎత్తున బరువుతో నిలిచిన దీని పలకయు మాడును.

ఇక దిగుడు సంగతి. ప్రాణముల కపాయము ఎక్కుటకంటె దిగుటలో నెక్కువ. మన ట్రాలీలలో పెక్కింటికి వేఱు బ్రేకు లేదు. వెనుకనున్న బరువంతయు ట్రాక్టరును ముందుకు త్రోయును. డీజిలు మిగులునని న్యూట్రలులో దింపువారు ఇంజను పట్టును చేజేతుల వదలుకొనుచున్నారు. పెక్కు ట్రాక్టరులలో నడచుచుండగా చిన్న గేరు వేయ వీలు పడదు. కావున దిగుడు మొదలు కాకమునుపే నిలిపి, చిన్న గేరు వేసికొని దిగవలయును. ఆటోమేటిక్ బండిలోను మీటను చిన్న గేరు స్థానమునకు మార్చి దిగవలయునే కాని, అన్నియు అదియే చూచుకొనునని ఊరకుండరాదు.

బాగుచేత విషయమున మాన్యువలే సులభము. దాని పనివాడు చిన్న ఊళ్లలోను దొరకును. బ్యాటరీ దిగిన నలుగురు నెట్టి స్టార్టు చేయవచ్చును. ఆటోమేటిక్ అట్లు నెట్టిన కదలదు. చెడినచో దానిని ఇంజను తిప్పు చక్రములు నేలపై నుండగా ఈడ్చుకొని పోరాదు. ఇంజను ఆగిన లోపలి నూనె పంపు ఆగి, గేరులు నూనె లేక అరుగును.

ఇంతకును మా యభిప్రాయ మిది. దుక్కియు, ట్రాలీయు రెండును చేయు ట్రాక్టరుకు మాన్యువలే తగును. మన పల్లెలలోని ట్రాక్టరులు దాదాపు అన్నియు అట్టివే. వాటిలో డబుల్ క్లచ్చి గలదానిని కొనిన, బండి ఆగినను వెనుకనున్న యంత్రము తిరుగుచుండును. పొలములోనికి దిగక, తారురోడ్డుమీద రోజంతయు ఆగుచు సాగుచు తిరుగు పికప్పు కావలసినవారు ఆటోమేటిక్ గూర్చి యోచింపవచ్చును. 2022లో మన దేశమున అమ్మకమునకు వచ్చిన టయోటా హైలక్సు వంటి పికప్పులు రెండు విధములను వచ్చినవి. కొనుటకు ముందు, లాగదగిన బరువెంతయని కంపెనీ పుస్తకమునందు చదివి చూడుడు. అమ్మువాని నోటిమాట చాలదు.

ఉమ్మడి బండికి మఱియొక నియమము ముఖ్యము. పదిమంది సొత్తును పదిమందియు నడుపరాదు. నేర్పరియగు డ్రైవరు నొక్కని ఏర్పఱచి, క్లచ్చి ఆటయు, గేరు నూనెయు చూచిన తేదీలను పుస్తకమున వ్రాయింపుడు. సగము క్లచ్చిపై పాదము మోపి నడుపువానికి ఏ గేరు కొని యిచ్చినను సంఘపు సొమ్ము నిలువదు.