ఎంసీబీ ఉన్నా షాక్ కొడుతుంది

వాన వెలిసిన పెరట్లో, తడి నేల మీద నిలబడి డ్రిల్లింగ్ మెషీన్ పట్టుకునేవారికి ఒక ధీమా ఉంటుంది. 'ఏదైనా అయితే ఎంసీబీ పడిపోతుందిలే' అని. మనిషికి షాక్ కొట్టినంత మాత్రాన అది పడదు.

16 ఆంపియర్ల ఎంసీబీ ఉన్నది తీగలు వేడెక్కి కాలిపోకుండా చూడటానికి. తడిసిన ఒంటి నిరోధం సుమారు 1,000 ఓమ్‌లు అనుకుంటే, 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. గుండె లయ తప్పడానికి అది చాలు. ఎంసీబీకి మాత్రం అది లెక్కలోకే రాదు.

దాన్ని పట్టేది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి. కొంత ఒంటి గుండా నేలలోకి పోతే ఈ లెక్క తప్పుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకమైతే సెకనులో మూడో వంతు కూడా గడవకముందే సరఫరా ఆపేస్తుంది. కానీ ఒక చేత్తో ఫేజ్‌ను, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకుంటే అదీ కాపాడలేదు. దాని దృష్టిలో అప్పుడు మనిషికీ బల్బుకూ తేడా లేదు.

మెషీన్ మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ రకం, రెండు పిన్నులు చాలు. ఆ గుర్తు లేని లోహపు గ్రైండర్‌కు మూడో పిన్ను పీకేసి వాడటం మాత్రం మన దగ్గర మామూలైపోయింది. తడి లోపలికి చేరితే డబుల్ ఇన్సులేషన్‌నూ నమ్మలేం.

పని మొదలుపెట్టే ముందు, కరెంటు ఉండగా ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కాలి. స్విచ్ టక్కున పడకపోతే డ్రిల్ పక్కన పెట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.