కంటి శుక్లమును సూదంటురాయి తీయునా?

ఇంద్రియములన్నింటిలోను నేత్రమే ప్రధానమని పెద్దలు చెప్పుదురు. ఈ మాటలోని సత్యము మా యుప్పాడ వంటి నేతయూరి వారికి వేరుగ బోధింప నక్కరలేదు. ఇచ్చటి మగ్గములపై జామ్దానీ చీరలు నేయుదురు. బుటాకు వలసిన పోగును చేతివ్రేళ్లే పడుగుపోగుల నడుమ చొప్పించును. చీరను తిరుగవేసి చూచినను బుటా రెండువైపుల నొక్కతీరుననే కనబడును. ఈ నేతకు 2009వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. ఇట్టి పనిలో చూపు మందగించిన, ఆ యింటి పొయ్యియు మందగించినట్లే. మగ్గముపై కూర్చుండువారికే కాదు, ఇంట కండెలు చుట్టు వృద్ధురాలికిని కన్నే ఆధారము.

ఈ నడుమ మా వీధి పెద్దముత్తైదువలనోట ఒక ప్రశ్న తరచు వినుచున్నాము. "అమ్మగారూ, శుక్లాన్ని కొయ్యకుండా సూదంటురాయితో లాగేస్తారంటగా! అది వచ్చేదాకా ఆగితే పోలా?" అని యడుగుచుందురు. ఆ "ఆగితే పోలా" యను మాటయే మాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది.

మొదట శుక్లమన నేమో తెలిసికొందము. కంటిపాపకు వెనుక స్వచ్ఛమైన కటకమొకటి కలదు. దీనినే లెన్సు అందురు. లాటినుభాషలో లెన్సు అనగా మసూరపప్పు. మన సుశ్రుతుడును దృష్టిని మసూరదళముతోనే పోల్చి చెప్పెను. దూరదేశములవారి కిరువురకును ఒకే పప్పుగింజ తోచుట వింతయే గదా! వయసు ముదిరినకొలది ఈ కటకములోని మాంసకృత్తులు ముద్దగట్టి తెల్లబారును. కోడిగ్రుడ్డులోని సొన ఉడికిన పిమ్మట తన స్వచ్ఛత గోల్పోవునట్లే యిదియును. మధుమేహము, పొగత్రాగు అలవాటు దీనిని త్వరపెట్టును. తెల్లబడిన సొన మరల నీరు గానట్లే, శుక్లమును చుక్కలమందు కరగింపలేదు. సూదంటురాయి లాగుటకు అందులో ఇనుమును లేదు. అయస్కాంతముచెంత నుంచిన నీటితో కన్నులు కడిగిన శుక్లము విడునని కొందరు చెప్పుట కేవలము నిరాధారము.

అట్లని నేత్రవైద్యమునకు సూదంటురాయి పనికిరాదని తలంపరాదు. దానికి పురాతనమైన గౌరవమే కలదు. దేహమున గ్రుచ్చుకొన్న శల్యమును తీయుటకు సుశ్రుతసంహిత సూత్రస్థానము 27వ అధ్యాయమున 15 ఉపాయములు చెప్పబడినవి. అందు అయస్కాంత మొకటి. ఐరోపాలో దీనిని కంటికి ఉపయోగించిన కీర్తి ఒక స్త్రీకి చెందినది. బెర్ను నగరపు శస్త్రవైద్యుడు ఫాబ్రిసియసు హిల్డానసు భార్యయగు మేరీ కోలినే, 1624వ సంవత్సరమున, పనిముట్లకు లొంగక రోగి కంట నిలిచిపోయిన ఇనుపముక్కను సూదంటురాతితో తీయవచ్చునని సూచించెను. ఆ యుపాయము ఫలించినది. ఆలోచన తన భార్యదేయని ఆ వైద్యుడు తన గ్రంథమున దాపరికము లేక వ్రాసికొనెను. భార్యమాట చెవినిడిన భర్తను, ఆ మాటను ఆమె పేరనే లోకమునకు చాటిన భర్తను మేము మనసార మెచ్చుకొందుము. పిదప 1879లో బెర్లినునగరపు హిర్ష్‌బెర్గు విద్యుదయస్కాంతమును, 1892లో జూరిచునగరపు హాబు మహాయస్కాంతమును ఇట్టి పనికే వాడిరి. నేడును కంటిలోని ఇనుపరజమును తీయుటకు సన్నని అయస్కాంతములను వైద్యులు వాడుచునేయున్నారు.

ఇక శుక్లచికిత్స కథ వేరు. సుశ్రుతుడు యవధాన్యపు మొనవంటి మొనగల శలాకతో శుక్లమును ప్రక్కకు త్రోయు విధానమును, స్త్రీస్తన్యముతో కంటిని తడుపుటను వర్ణించెను. అందు శుక్లము కంటిలోనే యొకమూల పడియుండును. 1747లో ఫ్రెంచివైద్యుడు డేవియెల్ శుక్లమును వెలికిదీసెను. అయినను తీసిన కటకము తావున మరియొకటి లేనందున, రోగి దళసరి కళ్లజోడుతో కాలము గడుపవలసివచ్చెడిది. ఆ లోటును తీర్చినవాడు హెరాల్డు రిడ్లీ. యుద్ధకాలమున విమానముల పైకప్పు పగిలి, పెర్స్పెక్సు ముక్కలు వైమానికుల కన్నులలో గ్రుచ్చుకొన్నను కన్ను వానిని శత్రువులుగా చూడకుండుట ఆయన గమనించెను. 1949 నవంబరు 29వ తేదీన లండను సెయింటు థామసు ఆసుపత్రిలో, ఒక స్త్రీకంట ఆయన తొలి కృత్రిమకటకము నమర్చెను. 1967లో అమెరికావైద్యుడు చార్లెసు కెల్మను, దంతవైద్యుని పనిముట్టును చూచి, అతిసూక్ష్మమగు కంపనముచే శుక్లమును పొడిచేసి పీల్చు యంత్రమును కల్పించెను. ఇచ్చటనే సూదంటురాయి చాటుగ ప్రవేశించినది. అట్టి తొలినాటి పిడులలో తీగచుట్ట కల్పించు అయస్కాంతశక్తిచే లోహపురేకులు క్షణక్షణము కుదించుకొని సాగుచు సూదిమొనను వణకించెడివి. అనగా అయస్కాంతము శుక్లమును లాగలేదు. దానిని చితుకగొట్టు సూదికి ప్రాణము పోసినది.

నేటి చికిత్సలో 2, 3 మిల్లీమీటర్ల గాటునుండి మడతపెట్టిన కటకమును సన్నని గొట్టముతో లోనికి పంపుదురు. లోన అది మొగ్గవలె విడి, పాతకటకమున్న పొరసంచిలో తన రెండు సన్నని కాళ్లను చాచి నిలుచును. ఆ సంచి వెనుకటి పొర తలవెంట్రుక మందములో పదవవంతుకంటెను పలుచన. వైద్యుడు చిన్న కొక్కెముతో కటకమును త్రిప్పి సరిచేయును. పొర చినిగిన కటకము నిలకడ తప్పును. అందుచే, కొక్కెముతో తాకకయే వెలుపలినుండి అయస్కాంతముతో కటకమును నడిపించి తగినతావున నిలుపరాదా యను తలంపు బుద్ధిమంతులకు కలుగుట సహజము. అది చెడ్డతలంపు కాదు. కాని అందలి చిక్కులను ఇంటనే చూడవచ్చును.

బల్లపై నొక సూదినుంచి సూదంటురాతిని మెల్లగ దగ్గరకు తెండు. కొంతదూరమువరకు సూది కదలదు. మరికొంత దగ్గరైన వణకును. ఇంకను వెంట్రుకవాసి జరిపినంతనే యెగిరి యంటుకొనును. నడుమ ఆగుమనిన ఆగదు. అంత పలుచని పొరచెంత ఇట్టి దూకుడు తగునా? మరియు కటకము ఇనుము కాదు గనుక, దాని కాళ్లలో అయస్కాంతము లాగగల లోహము నిమడ్చవలెను. ఇనుము కంటిలో తుప్పుపట్టిన అది విషమై చూపును హరించును. ఆ లోహము జీవితాంతము కంటిలో నుండునెడల, ఎం.ఆర్.ఐ. పరీక్షాయంత్రము స్వయముగ మహాయస్కాంతము గావున, ఆ యంత్రములోనికి పోవుటకు భయపడవలసి వచ్చును. ఇన్ని చిక్కులు తీరినగాని ఆ తలంపు రోగి మంచమువరకు రానేరదు. నేడు సాధారణముగ వేయు మెత్తని కటకములలో ఇనుము లేదు గనుక, అవి వేయించుకొన్నవారు ఎం.ఆర్.ఐ. పరీక్షకు జంకనక్కరలేదు. వైద్యులిచ్చిన కటకపు చీటిని మాత్రము భద్రపరుపవలెను. కంటిలో ఇనుపముక్క పడి తీయబడనివారు ఆ యంత్రములోనికి పోకముందే వైద్యునితో చెప్పితీరవలెను.

ఇప్పుడు "ఆగితే పోలా" యను మాటకు రండు. శుక్లము పండినపిదపనే తీయవలెనను మాట పూర్వపు చికిత్సకు చెందినది. నేడు పనికి అడ్డుతగులుచున్నదని తోచినపుడే తీయింపవచ్చును. మిక్కిలి ముదిరిన శుక్లము గట్టిపడి వైద్యునకు కష్టము గలిగించును. ఒక్కొకప్పుడు ఉబ్బి కంటిలోని యొత్తిడిని పెంచి, నరమును చంపి, మరల రాని యంధత్వమును తెచ్చును. శుక్లముచే పోయిన చూపు చాలవరకు తిరిగివచ్చును. నరము చచ్చిన చూపు రాదు.

ఏలూరుచెంత సోమవరప్పాడున పుట్టిన చలనచిత్రదర్శకుడు ఎల్.వి. ప్రసాదు దానమున ఆయన పేర 1987లో హైదరాబాదున వెలసిన నేత్రసంస్థవారు, 1996 మొదలు 2000 వరకు మన పశ్చిమగోదావరితో గూడ నాలుగు ప్రాంతములలో 10,293 మంది కన్నులు పరీక్షించిరి. అంధత్వకారణములలో శుక్లమే అగ్రస్థానము నందినది; నూటికి 44 వంతులు దానివే. అంధత్వము పట్టణములకంటె పల్లెలలోను, పురుషులకంటె స్త్రీలలోను అధికముగ నుండెను. ఈ చివరిమాటయొద్ద మన మందరము ఒక్కక్షణ మాగవలెను. మగ్గము నేయువాని కన్ను మసకబారిన ఇల్లెల్ల కలతజెందును. కండెలు చుట్టు తల్లి కన్ను మసకబారిన "ముసలితన మంతేలే" యందురు. ఆమెయు అంతే యనుకొనును. కోడలి పురుడు గడువనీ, మనుమరాలి పెండ్లి కానీ యని ఏండ్లు దాటవేయును. బియ్యములో రాయి కనబడకున్నను, గడపతగిలి పడినను ఎవ్వరితోను చెప్పదు.

కావున సోదరీమణులారా, మీ యింటి పెద్దల నొకపరి వాకిట కూర్చుండబెట్టి, ఒక కన్ను మూసి రెండవకంటితో గోడమీది క్యాలెండరు నంకెలు చదువుమనుడు. చదువురానివారిని చేతివ్రేళ్లు లెక్కించుమనుడు. పిదప రెండవవైపును చూడుడు. తేడా తోచిన కాకినాడ ప్రభుత్వ సామాన్య ఆసుపత్రికిగాని, మీకు దగ్గరనున్న నేత్రవైద్యశాలకుగాని కొనిపొండు. శస్త్రము జరిగినపిమ్మట చెప్పినన్నినాళ్లు చుక్కలమందు వేయుడు, కంటిని నలుపనీయకుడు, నొప్పి, ఎరుపు, చూపుతగ్గుట కనబడిన వెంటనే వైద్యునొద్దకు మరల పొండు.

సూదంటురాయి ఎన్నటికైన కటకమును నడిపించునేమో, కాలమే చెప్పును. అది వచ్చువరకు అమ్మ చీకటిలో కూర్చుండ నక్కరలేదు. ఈనాడున్న చికిత్సయే ఆమెకు మనుమల ముఖములు చూపగలదు.