భుయ్యాడీహ్‌లో నీడ మాయమయ్యే రోజు

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ ఒడ్డునున్న భుయ్యాడీహ్ కర్కటరేఖకు కాస్త దక్షిణాన, సుమారు 22.8 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అందుకే ఏటా జూన్ 7, జూలై 5 తేదీల ప్రాంతంలో సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. గడియారం 12 కొట్టడానికి పది, పదిహేను నిమిషాల ముందు నిటారు కర్రకు నీడే ఉండదు. జూలైలో మబ్బులు చూడనిస్తేనే లెండి!

ఇలాంటి నీడతోనే ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. క్రీ.పూ. 276 ప్రాంతంలో సిరీన్‌లో పుట్టి, అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి అధిపతి అయిన గ్రీకు గణితవేత్త ఆయన. ప్రధాన సంఖ్యలను ఏరే ‘జల్లెడ’ కూడా ఆయన పేరు మీదే ఉంది. సూర్యుడు చాలా దూరం కాబట్టి కిరణాలు సమాంతరంగా వస్తాయి. నీడల్లో తేడా భూమి వంపు వల్లే. సైనీలో నీడ లేని మధ్యాహ్నం అలెగ్జాండ్రియాలో ఆ తేడా 7.2 డిగ్రీలు, అంటే వృత్తంలో 50వ వంతు. ఊళ్ల మధ్య దూరం 5,000 స్టేడియాలు కాబట్టి చుట్టుకొలత 2,50,000. ఆయన వాడిన స్టేడియా పొడవెంతో నేటికీ తేలలేదు. ‘ఒక్క శాతమే తప్పు’ లాంటి మాటలను నేనైతే నమ్మను.

మీరూ చేసి చూడొచ్చు. అదే రోజు విశాఖలోని బంధువులతో, నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు, మీటరు కర్ర నీడ కొలిపించండి. దాదాపు 9 సెంటీమీటర్లు వస్తుంది, కోణం 5.1 డిగ్రీలు. మ్యాపులో ఉత్తర-దక్షిణ దూరం సుమారు 565 కిలోమీటర్లు. 360ని 5.1తో భాగించి, 565తో గుణిస్తే 40,000 కిలోమీటర్ల దగ్గరకు చేరతారు.